కిటికీ అద్దె

జ్ఞానాపురంలో మా ఇంటికి రెండు కిటికీలు.
రెండూ మూసే ఉంటాయి.
తెరిస్తే పోర్టు బొగ్గు లోపలికొచ్చి
నేను కత్తిరించబోయే తెల్లబట్ట మీద
తన కొలతలు తాను రాసుకుంటుంది.

అందుకే, గాల్‌బ్లాడర్‌లో రాళ్లని
బీచ్ రోడ్డు ఆసుపత్రిలో చేర్చిన రోజు
"ఏ గది కావాలండీ" అని నర్సు అడిగితే
ఫిలోమిన నావైపు చూడలేదు.
వరండా చివర కనబడుతున్న
నీలం ముక్కను చూసింది.
"సముద్రం కనబడేది," అన్నాను.
రోజుకి ఐదువేలు.
మూడు లక్షల పాలసీ ఉంది కదా.
ఏజెంటు ఆనందబాబు మా షాపు ముందు స్కూటరాపి
"అన్నీ వస్తాయి మాస్టారూ" అన్నాడు కదా.

'అన్నీ' అన్న మాటకి
ఇరవైనాలుగు పేజీల అర్థం ఉందని
నాలుగోరోజు తెలిసింది.

ఇన్సూరెన్సు కౌంటర్లో పిల్ల పేరు కుందన.
కసురుకోలేదు. కాగితం నావైపు తిప్పి
పెన్ను మొనతో చూపించింది:
గది అద్దె, పాలసీ మొత్తంలో నూటికొకటి.
అంటే మూడువేలు.
"రెండువేలే కదమ్మా తేడా. మూడ్రోజులకి ఆరువేలు,
కట్టేస్తాను," అన్నాను జేబు తడుముకుంటూ.
"అలా కాదండీ.
గదికి ఐదు వంతుల్లో మూడే ఇస్తే
డాక్టరు ఫీజులోనూ మూడే,
థియేటరూ, మత్తిచ్చినాయనా, నర్సూ,
అందరికీ ఐదింట్లో మూడే."

నలభై ఏళ్లుగా కుడుతున్నవాణ్ణి.
మెడ రెండంగుళాలు పెద్దదైందని
చేతులూ జేబులూ కాజాలూ అన్నీ
అదే లెక్కన తగ్గించే దర్జీని
నేనెక్కడా చూడలేదు.
అన్నాను కూడా. నవ్వబోయి ఆపుకుంది.

మందులకి కోత లేదట. సంతోషం.
గ్లౌజులు, దూది, మాస్కులు
అసలు వైద్యంలోకే రావట.
దూది లేకుండానే కోశారా, అని అడగబోయాను.
వెనక లైన్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

ముప్పై ఆరువేల మూడువందల నలభై.
ఓవర్‌లాక్ మిషనుకని దాచిన
చీటీ డబ్బు.

ఆటో కాన్వెంటు జంక్షన్ దాటాక చెప్పాను.
కుట్ల మీద చెయ్యేసుకుని
చాలాసేపు ఊరుకుంది.
"పదకొండు ఓడలు లెక్కెట్టాను," అంది.
"రాత్రంతా దీపాలెట్టుకుని
అలాగే నిలబడున్నాయి, కదల్లేదు."
మనసులో భాగించాను, అలవాటు:
ఓడకి మూడువేల మూడువందల మూడు,
పైన చిల్లర.
"ఖరీదంటావేటి?" అంది.
నాకు జవాబు రాలేదు.

ఆ రాత్రి కుట్టుమిషను దీపం కింద
పాలసీ మొదటిసారి చదివాను,
గుర్తుసుద్దతో గీతలు పెట్టుకుంటూ.
హెర్నియాకి రెండేళ్లు ఆగాలి. కంటిపొరకీ రెండే.
మోకాలి చిప్పలకి మూడు.
ఆ సంగతి మోకాళ్లకి ఎవరు చెబుతారో.
ముందునుంచీ ఉన్న జబ్బుకి మూడేళ్లు,
అదీ ముందే చెప్పి ఉంటే.
దుప్పటి కొనుక్కున్నామనుకున్నాను.
ఇది ఎవరి కొలతలకో కుట్టిన కోటు.
ఎక్కడ మడిచారో, ఎక్కడ టాకా వదిలేశారో
తిరగేసి చూస్తేగాని తెలీదు.
ఊళ్లోవాళ్ల కోట్లన్నీ తిరగేసి చూసే నేను
దీన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

చివర్లో, మేము నింపిన ఫారం నకలు.
దగ్గు, ఆయాసం ఉన్నాయా?
లేవని టిక్కు.
ఆనందబాబు పెన్ను, నా సంతకం.
లోపలి గదిలో ఫిలోమిన దగ్గుతోంది,
కుట్లు లాగకుండా
దిండు పొట్టకి అదుముకుని.

ఎప్పటినుంచి, అని రేపు అడుగుతారు.
ఏ తారీకు వెయ్యను?
బొగ్గు దింపడం ఏ రోజు మొదలెట్టారో
పోర్టువాళ్ల పుస్తకాల్లో ఉండాలి.

సుద్ద పక్కనపెట్టి
బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపాను.
అయ్యా,
మా ఆవిడకి దగ్గు ఉంది.
మా ఇంటికి రెండు కిటికీలు.